మిస్టర్ ఇండియాని మళ్ళీ చూశాక

మొన్న వేసవి సెలవులకి మనవడూ మనవరాలూ మా ఇంటికి వచ్చారు. వాడికి పదేళ్ళు, దానికి ఎనిమిది. రెండు రోజులు ఫోన్ల కోసం కొట్టుకున్నాక మూడో రోజు నేను "మీకు ఒక మంచి సైన్సు సినిమా చూపిస్తాను రండి" అన్నాను. అది మిస్టర్ ఇండియా. 1987లో విడుదలైంది. ఆ ఏడాది నేను హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేరి ఎక్కువ కాలం కాలేదు. పక్క టౌనుకి ఆ సినిమా వచ్చిందని తెలిసి, పదో తరగతి పిల్లల్ని ఇరవైమందిని ఆదివారం బస్సెక్కించి తీసుకువెళ్ళాను. హిందీ ఎవరికీ సరిగ్గా రాదు. అయినా అందరం ఈలలు వేశాం. తెర మీద ఉన్నది మన పదహారేళ్ళ వయసు శ్రీదేవి కదా!

ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ చూస్తే సినిమా ఎలా ఉందో రాద్దామని మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే ఇది సినిమా గురించి కంటే నా గురించే ఎక్కువయింది. అయినా తప్పదు కాబట్టి రాస్తున్నాను.

ముందు సినిమా సంగతి. దర్శకుడు శేఖర్ కపూర్. అంతకుముందు 1983లో మాసూమ్ తీసి పిల్లల చేత నటింపజేయడం తెలిసినవాడు అనిపించుకున్నాడు. కథ సలీం-జావేద్ జంటది. వాళ్ళిద్దరూ విడిపోయాక తెరకెక్కిన కథ. నిర్మాత బోనీ కపూర్. అనిల్ కపూర్ అరుణ్ వర్మగా, శ్రీదేవి పత్రికా విలేఖరి సీమాగా, అమ్రీష్ పురి మొగాంబోగా వేశారు. అరుణ్ సముద్రం ఒడ్డున పాత ఇల్లు అద్దెకి తీసుకుని అనాథ పిల్లల్ని పెంచుతుంటాడు. చేతిలో డబ్బు ఉండదు. శాస్త్రవేత్త అయిన తండ్రి కనిపెట్టిన ఒక పరికరం అతనికి దొరుకుతుంది. చేతికి కట్టుకుంటే మనిషి మాయమవుతాడు. ఎర్ర వెలుతురులో మాత్రం కనిపిస్తాడు. దాంతో అతను దేశాన్ని పట్టి పీడిస్తున్న మొగాంబో ముఠా పని పడతాడు.

హిందీలో కనిపించని మనిషి కథలు అప్పటికి కొత్త కాదు. 1957లో అశోక్ కుమార్ హీరోగా మిస్టర్ ఎక్స్ వచ్చింది. 1964లో ఆయన తమ్ముడు కిశోర్ కుమార్ మిస్టర్ ఎక్స్ ఇన్ బాంబే చేశాడు. మిస్టర్ ఇండియాలో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. అరుణ్‌కి తండ్రి పరికరం సంగతి చెప్పే ప్రొఫెసర్ సిన్హా వేషం అశోక్ కుమార్‌ది. కనిపించని హీరోకి పాటలో గొంతు ఇచ్చింది కిశోర్ కుమార్. ఆయన అదే సంవత్సరం అక్టోబరులో చనిపోయాడు. ఈ సినిమాని 1989లో తమిళంలో భాగ్యరాజ్‌తోనూ, కన్నడంలో అంబరీష్‌తోనూ మళ్ళీ తీశారు. వీటన్నిటికీ మూలపురుషుడు హెచ్. జి. వెల్స్. ఆయన అదృశ్య మానవుడి నవల 1897 నాటిది.

సినిమా సగంలో ఉండగా మా మనవడు అడిగాడు: "తాతయ్యా, ఎండలో ఎర్ర రంగు లేదా?"

నేను ఆపి వాడి వైపు చూశాను. నిజమే. సూర్యకాంతిలో ఊదా నుంచి ఎరుపు దాకా అన్ని రంగులూ ఉన్నాయని ఏడాదికోసారి గాజు పట్టకం పెట్టి చూపించినవాణ్ణి నేను. ఒక మనిషి ఎర్ర కాంతిలో కనిపించాడంటే, అతని ఒంటి మీద పడిన ఎర్ర కాంతి మన కంటి దాకా వస్తున్నట్టు. ఆ ఎర్ర కాంతి మధ్యాహ్నపు ఎండలోనూ ఉంది. కాబట్టి ఎండలో అతను మాయం కాడు, ఎర్రటి మనిషిగా కనిపిస్తాడు. ఎర్ర గాజు కొత్తగా ఏ వెలుతురునూ పుట్టించదు. మిగతా రంగుల్ని ఆపి ఎరుపుని మాత్రం వదులుతుంది. అంతే. ముప్ఫై ఏళ్ళు కాంతి పాఠం చెప్పిన నాకు ఈ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు. పదేళ్ళవాడికి తట్టింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సోవియట్ రచయిత యాకోవ్ పెరెల్మాన్ ఎప్పుడో ఎత్తి చూపించింది. మనకి చూపు ఉండాలంటే కంటి వెనక పొర కాంతిని పీల్చుకోవాలి. కాంతి మొత్తం ఆగకుండా దూసుకుపోయే శరీరంలో ఆ పొర కూడా పారదర్శకమే. అంటే పూర్తిగా కనిపించని మనిషి పూర్తి గుడ్డివాడు. వెల్స్‌కి ఈ అనుమానం కొంత ఉన్నట్టే ఉంది. నవలలో పిల్లి మీద ప్రయోగం చేస్తే దాని కంటి వెనక భాగం మాయం కాకుండా మిగిలిందని రాశాడు. ఇక నిజమైన ప్రయోగాల సంగతి అంటారా, 2006లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్మిత్ బృందం, ఇంగ్లండుకి చెందిన జాన్ పెండ్రీ సిద్ధాంతం ఆధారంగా, ఒక చిన్న రాగి సిలిండర్‌ని మైక్రోవేవ్ తరంగాలకి దాదాపు కనిపించకుండా చేసింది. మామూలు వెలుతురులో అది చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. అన్నేళ్ళ శ్రమలో అప్పటికి మనం చేరిన చోటు అది.

ఇవి తప్పులని సినిమా మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు. కథ కోసం ఒక అబద్ధాన్ని ఒప్పుకుంటాం. నాకు ఇబ్బంది కలిగించింది వేరే. ఈ సినిమాలో సైన్సు తాయెత్తులా ఉంది. తండ్రి చేశాడు, కొడుక్కి దొరికింది, కట్టుకున్నాడు, మహిమ వచ్చింది. ఎలా పనిచేస్తుందని ఎవరూ విప్పి చూడరు, రెండోది తయారు చేయరు, పరీక్షించరు. "సైన్సు సినిమా" అని చెప్పి నేను పిల్లల్ని తీసుకెళ్ళింది దీనికి. తరువాత 2003లో వచ్చిన కోయీ మిల్ గయాలో కంప్యూటర్ నుంచి ఓంకారం పంపిస్తే గ్రహాంతరవాసి దిగివస్తాడు. అతని పేరు జాదూ, అంటే మాయ. పదహారేళ్ళు గడిచినా పద్ధతి మారలేదు.

ఇక పిల్లలతో కూర్చుని చూడటానికి పనికిరాని చోట్లు. నేను ముందే ఒక జాబితా వేసుకుని రిమోట్ చేతిలో పట్టుకున్నాను. ఆ జాబితాలో మొదటిది నీలం చీర వాన పాట. రెండోది టీనా అనే చిన్నపిల్ల బాంబు పేలుడులో చనిపోయే ఘట్టం. ఈ రెండింటినీ ముందుకి జరిపేద్దామనుకున్నాను.

వాన పాట జరిపేశాను. కానీ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే నాకు అసలు అభ్యంతరం తడిసిన చీర కాదనిపించింది. సీమా ప్రేమిస్తున్నది మిస్టర్ ఇండియాని. ఆ మిస్టర్ ఇండియా తన ఇంటివాడైన అరుణే అని ఆమెకి తెలియదు. అరుణ్‌కి మాత్రం అంతా తెలుసు. ఆమె ఏం చేస్తున్నా ఆమెకి తెలియకుండా చూడగలడు, వినగలడు. ఒకరికి అన్నీ తెలిసి, రెండోవాళ్ళకి ఎదుట ఉన్నది ఎవరో కూడా తెలియని చోట ప్రేమ అనే మాట ఎలా కుదురుతుంది? ఈ మాట మా అమ్మాయితో అంటే, "నాన్నా, మాకు కాలేజీలో ఆ పాట అంటే పిచ్చి. కానీ హాస్టల్ కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డారని తెలిసిన రాత్రి మాత్రం ఎవరం నిద్రపోలేదు" అంది. నేను ఇంక ఏమీ అనలేదు.

టీనా చనిపోయే ఘట్టం జరపడం మరిచిపోయాను. మనవరాలు బాగా ఏడ్చింది. దగ్గరికి తీసుకుంటే కాసేపటికి "ఆ పాపని ఎందుకు చంపారు?" అని అడిగింది. ఆలోచించి చూస్తే ఆ ప్రశ్న రావడం మంచిదే. 1985 మే నెలలో ఢిల్లీలోనూ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ ట్రాన్సిస్టర్ రేడియోల్లో బాంబులు పెట్టి ఎంతోమందిని చంపారు. దిక్కులేని వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దని చెప్పుకున్న కాలం అది. పిల్లల సినిమాలో పిల్లని చంపడం కఠినమే, కాని అబద్ధం కాదు. హింస జరిగితే పోయిన మనిషి తిరిగి రాదని ఆ ఒక్క ఘట్టమే చెప్పింది. నేను పనికిరాదనుకున్నది సినిమాలో నిజాయితీగా ఉన్న చోటని తేలింది.

అసలు పనికిరానివి నా జాబితాలో లేవు. ఎందుకంటే అక్కడ నేను నవ్వాను.

ఒకటి హవా హవాయి పాట. శ్రీదేవి హావభావాలకి సాటి లేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. సరోజ్ ఖాన్ నృత్యం, కవితా కృష్ణమూర్తి గొంతు రెండూ బాగుంటాయి. అయితే ఆమె వెనక ఆడేవాళ్ళ ముఖాలకి నల్లరంగు పూశారు. అడవి మనుషుల్లా వేషాలు వేశారు. పాట మొదట్లో అర్థం లేని మాటలు పరాయి భాషలా పలికించారు. మనవరాలు నన్ను, "వాళ్ళకి నలుపు ఎందుకు పూశారు తాతయ్యా? నవ్వడానికా?" అని అడిగింది. అది చామనఛాయకి కాస్త తక్కువ రంగు పిల్ల. పెళ్ళిళ్ళలో చుట్టాలు దాని రంగు గురించి మాట్లాడటం అది వింటూనే ఉంటుంది. నేను "వేషం అమ్మా" అని దాటేశాను. ఆ జవాబు తప్పు.

ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్ళని వెక్కిరించే ఆట 19వ శతాబ్దంలో అమెరికాలో పుట్టింది. బానిసత్వం ఇంకా ఉండగానే తెల్లవాళ్ళు డబ్బు పెట్టి చూసిన వినోదం అది. ఆ శతాబ్దం రెండో సగంలో అలాంటి బృందాలు బొంబాయి, కలకత్తా వచ్చి కూడా ఆడాయి. తెల్లవాడి దృష్టిలో మనమూ నల్లవాళ్ళమే. వాడు మనల్ని కూడా కలిపి వెక్కిరించిన ఆటని తీసుకుని మనం ఇంకొకర్ని వెక్కిరించాం. అది వట్టి పాటే కదా అనవచ్చు. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఒక కుర్రాడు కనిపించకుండా పోయి తరువాత చనిపోతే, పక్కనే ఉన్న నైజీరియా విద్యార్థులు అతన్ని తినేశారని పుకారు పుట్టింది. కొద్ది రోజులకే ఆఫ్రికా విద్యార్థుల్ని ఒక మాల్‌లో మూక పట్టుకుని కొట్టింది. ఆ మూకని ఈ పాట తయారు చేసిందని నేను అనను. అలా అంటే అది హేతువాదం కాదు. కాని చదువుకున్న ఊళ్ళో "మనుషుల్ని తినేవాళ్ళు" అన్న మాటని అంత తేలిగ్గా నమ్మారంటే, ఆఫ్రికా మనిషి అనగానే మనసులో మెదిలే బొమ్మ ఎక్కడెక్కడినుంచి వచ్చిందో అడగాలి కదా.

రెండోది హనుమంతుడి ఘట్టం. దీని గురించి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

మన విగ్రహాల మీద కన్నేసిన వాల్కాట్ అనే విదేశీయుడు ఒకడుంటాడు. ఆస్ట్రేలియాకి చెందిన సివిల్ ఇంజనీరు బాబ్ క్రిస్టో ఆ వేషం వేశాడు. కనిపించని మిస్టర్ ఇండియా హనుమంతుడి విగ్రహాన్ని ఎత్తి వాణ్ణీ వాడి మనుషుల్నీ బాదుతాడు. వాళ్ళకి విగ్రహం ఒక్కటే కనిపిస్తుంది. అది గాల్లో లేచి తంతోంది! చివరికి వాల్కాట్ చేత బజరంగబలికి జై కొట్టిస్తారు. 1987లో హాలు హోరెత్తిపోయింది. నేనూ లేచి చప్పట్లు కొట్టాను. వేసుకున్న చొక్కా మాయమై, ఎత్తిన విగ్రహం ఎందుకు మాయం కాలేదని కూడా నాకు తోచలేదు.

ఆ రోజు నాతో వచ్చిన పిల్లల్లో ఒకడు చురుకైనవాడు. పేరు రాయను. 1991లో వాడు డిగ్రీ చదువుతూ సెలవులకి ఊరు వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో సారా కొట్టు ఊరిని తినేస్తోంది. వాడు ఒక రాత్రి కొట్టు తలుపుకి వేపమండలు కట్టి, పసుపూ కుంకుమా చల్లి, వెనక చెట్టెక్కి రేకు గరాటు నోటి దగ్గర పెట్టుకుని అమ్మవారిలా పలికాడు. కొట్టు తీస్తే ఊళ్ళో శవాలు లేస్తాయన్నాడు. తెల్లారేసరికి ఊరంతా వణికిపోయింది. కొట్టు రెండు నెలలు మూతపడింది. వాడు నా దగ్గరికి వచ్చి "మాస్టారూ, మిస్టర్ ఇండియా హనుమంతుడి ట్రిక్కే ఇది" అని నవ్వాడు. నేనూ పగలబడి నవ్వాను. "శభాష్‌రా" అన్నాను. సారా తాగి పెళ్ళాన్ని కొట్టేవాడికి అమ్మవారే మందు అని కూడా అన్నాను. అప్పటికే నేను సంఘం తరఫున ఊళ్ళలో బాబాల మహిమల గుట్టు విప్పే ప్రదర్శనలు ఇస్తున్నాను!

మరుసటి ఏడు ఆ ఊళ్ళో పిల్లలకి తట్టు పోసింది. ఒకామెకి పూనకం వచ్చింది. ఆమె వెనక ఎవరున్నారో ఊరికంతా తెలుసు, ఎవరూ పైకి అనలేదు. గుడి పక్క బావిలో మాలపల్లెవాళ్ళు నీళ్ళు తోడుతున్నారు కాబట్టి అమ్మవారికి కోపం వచ్చిందని పలికింది. ఊరు నమ్మింది. ఎందుకు నమ్మదు? కిందటేడు అమ్మవారు మాట్లాడింది కదా, అందరూ చెవులారా విన్నారు కదా. మాలపల్లె ఆడవాళ్ళు నలభై రోజులు మైలున్నర దూరం నుంచి నీళ్ళు మోసుకున్నారు.

మా వాడు ఊరి మధ్య నిలబడి నిజం చెప్పాడు. కిందటేడు పలికింది అమ్మవారు కాదు, నేనే, ఇదిగో గరాటు అని చూపించాడు. ఒక ముసలాయన శాంతంగా, "నాయనా, నువ్వే అరిచావు, కాదనను. కాని నీ నోట పలికించింది ఎవరు?" అన్నాడు. అంతే. ఆ మాటకి మా వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అధికారులు వచ్చి, కేసులు పెడతామని బెదిరించాక గాని బావి తెరుచుకోలేదు.

సరిగ్గా అదే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకి వెళ్ళిన ఆడవాళ్ళు సారా కొట్టుని మూయించారు. వాళ్ళకి ఏ అమ్మవారూ పూనలేదు. పలక మీద అక్షరాలు దిద్దుతూ, తమ కూలి డబ్బులు ఎటు పోతున్నాయో లెక్క వేసుకున్నారు. గుంపుగా వెళ్ళి అడ్డుపడ్డారు. అది జిల్లాలు దాటి ఉద్యమమయింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తరువాత నిషేధాలు ఏమయ్యాయన్నది వేరే చరిత్ర. కాని ఆ ఆడవాళ్ళు ఒప్పించిన పద్ధతిని మరుసటి ఏడు ఇంకెవరూ దొంగిలించి వాళ్ళ మీదే తిప్పలేకపోయారు. లెక్క చూపించి ఒప్పిస్తే, ఎదుటివాడు తిరిగి లెక్క అడగవచ్చు. మహిమ చూపించి ఒప్పిస్తే అడిగే దారి మూసుకుపోతుంది. రేపు ఇంకొకడు ఇంకా పెద్ద మహిమ చూపిస్తాడు.

1995 సెప్టెంబరు 21న వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయని దేశమంతా క్యూలు కట్టింది. ఆ రోజు నేను చెంచా, పాలు, మట్టిబొమ్మ పట్టుకుని వీధి చివర నిలబడి తలతన్యత గురించి చెప్పాను. దేవుడి బొమ్మే కాదు, చెప్పుల షాపు ముందున్న బొమ్మ కూడా "తాగుతుంది" అని చూపించాను. కొందరు విన్నారు. ఒక కుర్రాడు మాత్రం, "మీరు 1991లో శభాష్ అన్నారట కదా మాస్టారూ" అన్నాడు. వాడు ఆ ఊరివాడే. రాజ్యాంగంలో శాస్త్రీయ దృక్పథం పెంపొందించడం పౌరుడి బాధ్యత అని 1976లో చేర్చారని ప్రతి ఉపన్యాసంలో చెప్పే నేను, ఆ కుర్రాడి ముందు తల దించుకున్నాను.

మంచి పని కోసం చిన్న అబద్ధపు మహిమ చేస్తే తప్పేమిటని ఇప్పటికీ కొందరు మిత్రులు అడుగుతుంటారు. గోడ మీద మూత్రం పోయకుండా దేవుడి పటాల టైల్స్ అంటిస్తారు. చెట్టు నరకకుండా పసుపు పూస్తారు. ఫలితం వస్తోంది కదా అంటారు. నేను నలభై రోజులు నీళ్ళు మోసినవాళ్ళ సంగతి చెబుతాను. ఇంక వాదించను.

సినిమా అయిపోయాక పిల్లలకి హనుమంతుడి ఘట్టం మళ్ళీ పెట్టాను. "ఇక్కడ విగ్రహాన్ని ఎత్తింది ఎవరో మనకి తెలుసు. వాళ్ళకి తెలియదు. వాళ్ళు ఏమనుకుంటున్నారు?" అని అడిగాను. మనవడు వెంటనే చెప్పాడు. హవా హవాయి పాట కూడా మళ్ళీ పెట్టి, మనవరాలికి దాటేసిన జవాబు సరిచేశాను. నల్లగా ఉన్నవాళ్ళని చూసి నవ్వడం కోసమే పూశారమ్మా, అది తప్పు, అప్పుడు నేను కూడా నవ్వాను అని చెప్పాను. అది కాసేపు నన్ను చూసి, "ఇప్పుడు నవ్వవుగా?" అంది.

మర్నాడు మనవడు పుస్తకాల కొట్టు నుంచి ఎర్ర గ్లాసు పేపరు కొనుక్కొచ్చి, కళ్ళకి అడ్డం పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. ఎవరూ కొత్తగా కనిపించలేదని సాయంత్రం వచ్చి చెప్పాడు. మందారపువ్వు తెల్లగా, ఆకులు నల్లగా కనిపించాయట. ఎందుకో నన్ను చెప్పొద్దన్నాడు. తనే కనుక్కుంటాడట.